పడమటి గర్డర్ తప్పేం లేదు: గ్రానైట్ లారీలు తిరిగే ఒక పాత వంతెన మీద బరువు పంపకం టెస్టు

వంతెన ప్రకాశం జిల్లాలో ఉంది. చీమకుర్తి వైపు నుంచి గ్రానైట్ బ్లాకులు వేసుకుని లారీలు వచ్చే ఒక దారిలో, వాగు మీద. పేరు రాయడం లేదు, దాని అవసరం కూడా లేదు. అలాంటి వంతెనలు మన రెండు రాష్ట్రాల్లో ఏ దారిన పోయినా కనిపిస్తాయి. 1970ల చివర్లో కట్టిన ఆర్‌సీసీ (కడ్డీలు వేసి పోసిన కాంక్రీట్) టీ-బీమ్ వంతెన: పొడుగునా ఉండే దూలాలు, అంటే గర్డర్లు, పై స్లాబుతో కలిసి ఇంగ్లిష్ T ఆకారంలో ఉంటాయి. గర్డర్ చివరలు ఆనే బేరింగుల మధ్య దూరం, అంటే స్పాన్, 15 మీటర్లు. స్పాన్‌కి మూడు గర్డర్లు, ఒకదానికొకటి రెండున్నర మీటర్ల ఎడం. స్లాబుతో కలిపి గర్డర్ లోతు 1.4 మీటర్లు, వెబ్ (గర్డర్ నిలువు భాగం) మందం 300 మి.మీ., స్లాబు 200 మి.మీ. కర్బుల మధ్య రోడ్డు వెడల్పు 7.5 మీటర్లు. గర్డర్లని అడ్డంగా కలిపే క్రాస్ గర్డర్లు మూడే: చివర్లలో చెరొకటి, నడిమిన ఒకటి. ఈ నడిమి క్రాస్ గర్డర్ సంగతి తర్వాత చెప్తాను. మేం వెళ్లేటప్పటికి దాని ఊసే ఎవరూ ఎత్తడం లేదు.

అందరి కళ్లూ పడమటి గర్డర్ మీదే ఉన్నాయి. రోడ్డు ఉత్తరం-దక్షిణంగా పోతుంది కాబట్టి గర్డర్లని తూర్పు, నడిమి, పడమర అని పిలుచుకున్నాం. వాన నీళ్లు పోయే గొట్టాలు పడమటి వైపు పొట్టిగా ఉండిపోయి, నలభై ఏళ్లుగా ఆ నీళ్లు గర్డర్ ఒంటి మీదుగానే కారాయి. అడుగున కడ్డీల్ని కప్పే కవర్ కాంక్రీట్ రెండు చోట్ల ఊడి కడ్డీలు బయటపడ్డాయి. లారీ పోయినప్పుడు ఆ పక్క ఊగుడు ఎక్కువని ఊళ్లో వాళ్లు చెప్పేవారు. ఆ మాట నిజమే, తర్వాత కొలతల్లోనూ తేలింది. పది టన్నులు మించిన బండ్లు పోకూడదని బోర్డు పెట్టి, ఆ గర్డర్‌ని గట్టిపరచడానికి ఎస్టిమేట్ వేసే దశలో, ఒక్కసారి కొలిచి చూడమని మమ్మల్ని పిలిచారు.

అంతకు ఏడాది ముందు ఒక ఏజెన్సీ లోడ్ టెస్టు చేసింది. పద్ధతి ప్రకారమే చేశారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లోడ్ టెస్టు మార్గదర్శకం ఎస్‌పీ 51 చెప్పినట్టు రెండు వరుసల్లోనూ బరువు నిలిపి, 24 గంటలు ఉంచి, తీసేశాక గర్డర్లు ఎంత వెనక్కి లేచాయో చూశారు. ఆర్‌సీసీ వంతెనకి 24 గంటల్లో కనీసం 75 శాతం వెనక్కి రావాలి. వచ్చింది. టెస్టు పాస్. పడమటి గర్డర్ తూర్పు దానికంటే కాస్త ఎక్కువ వంగిందని రిపోర్టులో ఒక వాక్యం ఉంది. కవర్ ఊడింది కదా, అందుకే అయి ఉంటుందని దాని పక్కనే రాశారు.

నాకు ఆ వాక్యం దగ్గరే అనుమానం తగిలింది. రెండు పక్కలా సమానంగా బరువు పెడితే మూడు గర్డర్లూ కలిసి కిందికి దిగుతాయి. ఒకదాని బరువు ఇంకోదానికి ఎంత చేరుతోందో ఆ టెస్టులో బయటపడదు. వంతెన ఓర్చుకుంటుందా అన్నదానికి అది జవాబు చెప్తుంది. ఏ గర్డర్ ఎంత మోస్తోందో తెలియాలంటే బరువుని కావాలని ఒక పక్కకి నెట్టాలి. ఆ తర్వాత సరిగ్గా అంతే దూరం రెండో పక్కకి నెట్టాలి. వంతెన రెండు పక్కలా ఒకేలా కట్టిందే కాబట్టి, మొదటి అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడి రావాలి. రాకపోతే ఆ తేడాలోనే జబ్బు ఉన్నట్టు.

కాగితం మీద ఏముంది

ఇలాంటి వంతెనలకి అప్పట్లో కూర్బాన్ పద్ధతిలో పంపకం లెక్కేసేవారు. ఇప్పటికీ చాలామంది వేస్తున్నారు. క్రాస్ గర్డర్ అసలు వంగనంత బిరుసుగా ఉంటుందని, అడ్డంగా చూస్తే వంతెన ఒక చెక్కలా వాలుతుందని ఆ పద్ధతి అనుకుంటుంది. లారీ మధ్యగీత రోడ్డు మధ్య నుంచి 2 మీటర్లు పక్కకి జరిగితే, ఆ పక్క గర్డర్‌కి 73 శాతం, నడిమిదానికి 33, అవతలిదానికి మైనస్ 7 శాతం వస్తాయి. మైనస్ అంటే అవతలి గర్డర్ కొద్దిగా పైకి లేస్తుందని అర్థం.

అయితే ఈ పద్ధతికి షరతులున్నాయి. స్పాన్, వెడల్పుకి రెండు నుంచి నాలుగు రెట్లు ఉండాలి. క్రాస్ గర్డర్లు కనీసం ఐదు ఉండాలి. వాటి లోతు గర్డర్ లోతులో ముప్పావు వంతుకి తగ్గకూడదు. మన వంతెనకి మొదటి రెండు షరతులూ కుదరవు. స్పాన్ 15 మీటర్లు, మొత్తం వెడల్పు ఎనిమిదిన్నర, క్రాస్ గర్డర్లు మూడు. కాబట్టి ఈ అంకెల్ని పోల్చుకోవడానికి మాత్రమే పక్కన పెట్టుకున్నాను. ఇలాంటి చోట గ్రిల్లేజ్ మోడల్ (వంతెనని నిలువు, అడ్డ దూలాల జల్లెడలా తీసుకుని వేసే లెక్క) వేసుకోవడం మేలు. అయినా ఏ మోడలైనా జాయింట్లన్నీ బాగున్నాయనే అనుకుని లెక్క మొదలుపెడుతుంది. నలభై ఏళ్ల కాంక్రీట్ విషయంలో ఆ నమ్మకం నాకు ఉండదు.

లారీ, కాటా, సున్నం గీతలు

మూడు యాక్సిళ్ల టిప్పర్లు రెండు తీసుకున్నాం. 2018లో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచాక ఈ రకం లారీకి మొత్తం 25 టన్నుల పరిమితి 28.5 అయింది. వెనక జంట యాక్సిళ్లకి 19 ఉన్నది 21 అయింది. కంకర నింపి, కాటా దగ్గర ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి వేరువేరుగా తూకం వేయించాం. మొదటి లారీ ముందు 6.9 టన్నులు, వెనక జంట 21.0, మొత్తం 27.9. రెండో లారీని కూడా దానికి వీలైనంత దగ్గరికి తెచ్చాం. కాటా చీటీలో మొత్తం బరువు చూసి ఊరుకోకూడదు. 15 మీటర్ల స్పాన్‌లో వంపుని ముఖ్యంగా వెనక జంటే తెస్తుంది, కాబట్టి అది విడిగా తెలియకపోతే లెక్క కుదరదు.

వెనక జంట సరిగ్గా స్పాన్ మధ్యలో నిలిస్తే ఈ లారీ వల్ల వచ్చే బెండింగ్ మూమెంట్ (వంతెనని వంచే ప్రభావం) 82 టన్ను-మీటర్లు. వంతెనల డిజైన్‌కి వాడే ప్రమాణ బరువు, ఐఆర్‌సీ క్లాస్ ఏ వరుస ఒకటి, ఇదే స్పాన్ మీద 97 దాకా తెస్తుంది. అంటే చట్టం ఒప్పుకున్న లారీ ఈ వంతెనకి కొత్త శత్రువేం కాదు. అదే లారీలో 40 టన్నులు ఎక్కిస్తే 117 దాటుతుంది. చట్టం దాటిన బరువుతోనే అసలు పేచీ.

రోడ్డు మీద మూడు వరుసలకి సున్నం గీతలు గీశాం: తూర్పు వైపు 2 మీటర్లు, సరిగ్గా నడిమిన, పడమర వైపు 2 మీటర్లు. ఎడమ ముందు చక్రం గీత మీదే నడవాలని డ్రైవర్‌కి చెప్తే, "గీత తొక్కకుండా పక్కనే పోనిస్తా సార్, తొక్కితే చెరిగిపోద్ది, మళ్లీ ఎక్కడ చూసుకోను?" అన్నాడు. నిజమే. గీతని చక్రం బయటి అంచుకి జరిపి మళ్లీ గీశాం. ఆ రోజంతా ఆ లారీ గీతకి రెండు వేళ్ల ఎడం కూడా దాటలేదు.

కింద వాగు ఎండిపోయి ఉంది. సరుగుడు కర్రలతో రెండు పరంజాలు వేయించాం. ఒకటి మనుషులకి, ఒకటి గేజులకి. రెండూ ఎక్కడా తగలకూడదు. మనిషి అడుగు వేస్తే పరంజా అర మిల్లీమీటరు కదులుతుంది. మనం వెతికేది అంతకంటే చిన్న తేడాలని. మూడు గర్డర్ల మధ్యలోనూ 0.01 మి.మీ. చదివే డయల్ గేజులు పెట్టాం. ఆరు బేరింగుల దగ్గరా ఒక్కొక్కటి పెట్టాం. బేరింగు నలిగినంత మేర గర్డర్ మొత్తంగా దిగుతుంది, అది వంపు కాదు కాబట్టి తీసివేయాలి. ఇవికాక ప్రతి గర్డర్ అడుగున, కాంక్రీట్ ఎంత సాగిందో చూపే స్ట్రెయిన్ గేజ్.

మొదటి రోజు మొత్తం వృథా అయింది. లారీలు ఆలస్యంగా రావడంతో ఎనిమిదింటికి మొదలుపెట్టాం. ఏ బరువూ లేకుండానే గంటలో గేజుల సున్నా 0.7 మి.మీ. జరిగింది. ఎండ స్లాబు మీద పడుతుంది, గర్డర్ అడుగు నీడలో చల్లగా ఉంటుంది. పైకీ కిందికీ 10 డిగ్రీల తేడా వస్తే 15 మీటర్ల గర్డర్ మధ్యలో దాదాపు 2 మి.మీ. పైకి లేస్తుంది. మేం కొలవబోయేదే మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఆ రోజు రీడింగులన్నీ పక్కన పడేసి, మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించాం. ప్రతి పరుగుకి ముందూ వెనకా సున్నా చూసుకున్నాం. సున్నా 0.03 దాటి జరిగితే ఆ పరుగు మళ్లీ చేశాం.

అంకెలు ఏం చెప్పాయి

ప్రతి వరుసలో మూడేసి పరుగులు, మనిషి నడకంత వేగంతో. వెనక జంట మధ్యకి వచ్చినప్పటి వంపుల సగటు, బేరింగు నలుగుడు తీసేశాక, ఇలా వచ్చింది.

లారీ తూర్పున: తూర్పు 3.64, నడిమి 1.92, పడమర 0.06 మి.మీ. శాతాల్లో 65, 34, 1.

లారీ పడమరన: పడమర 4.29, నడిమి 1.13, తూర్పు 0.22. శాతాల్లో 76, 20, 4.

లారీ నడిమిన: తూర్పు 1.73, నడిమి 2.59, పడమర 1.30. శాతాల్లో 31, 46, 23.

అద్దం కుదరలేదు. తూర్పున లారీ ఉంటే తూర్పు గర్డర్ 65 మోసి మిగతాది పక్కకి పంపుతోంది. పడమరన ఉంటే పడమటి గర్డర్ 76 తానే మోస్తోంది. కూర్బాన్ లెక్క వేసే గట్టి అంకె 73ని కూడా అది దాటింది. లారీ సరిగ్గా రోడ్డు నడిమిన ఉన్నప్పుడు కూడా తూర్పుకి 31 వెళ్తే, పడమరకి 23 మాత్రమే.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది ఉంది. పడమటి గర్డర్ ఎక్కువ వంగింది కాబట్టి అది బలహీనపడిందని ముందువాళ్లు అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ మూడు గర్డర్ల వంపుల్నీ కూడి చూడండి. తూర్పున లారీకి 5.62. పడమరన 5.64. నడిమిన 5.62. మొత్తం కదల్లేదు. గర్డర్లు మూడూ ఒకే బిరుసుతో ఉంటే, బరువు ఎవరి మీద ఎంత పడినా వంపుల మొత్తం ఒకటే వస్తుంది. పడమటి గర్డర్ బిరుసులో పావు వంతు పోయి ఉంటే, లారీ దాని మీదికి వెళ్లినప్పుడు ఈ మొత్తం 6.5 దాటేది. దాటలేదు. పైగా ఎం20 రకం కాంక్రీట్, గర్డర్‌లో బీటలే లేవు అనుకుని వేసిన లెక్కలో మొత్తం 5.2 వస్తుంది. కొలిచింది దానికి చాలా దగ్గర. అంటే కవర్ ఊడినా, కడ్డీ తుప్పు పట్టినా, ఆ గర్డర్ తన పని తాను చేస్తోంది. పక్కవాళ్ల చేయి అందక ఎక్కువ మోస్తోంది, అంతే.

కాడికి కట్టిన ఎడ్లని చూసినవాళ్లకి ఇది తెలిసిన సంగతే. కాడి సడలితే ఒక ఎద్దు మెడ ఒరుసుకుపోతుంది. ఎద్దుకి మందు రాస్తూ కూర్చుంటే బండి బాగుపడదు.

గేజులు అబద్ధం చెప్పడం లేదని నిర్ధారించుకోవడానికి రెండు పనులు చేశాం. స్ట్రెయిన్ రీడింగుల నుంచి విడిగా వాటాలు తీస్తే పడమరన లారీకి 78, 19, 3 వచ్చాయి. చక్రం కిందున్న గర్డర్‌లో స్ట్రెయిన్ వాటా వంపు వాటాకంటే కొంచెం ఎక్కువ ఉండటం మామూలే. తర్వాత రెండు లారీల్నీ ఒకేసారి తూర్పునా పడమరనా నిలిపాం. విడి అంకెల్ని కూడితే పడమటి గర్డర్‌కి 4.35 రావాలి, 4.31 వచ్చింది. తూర్పుకి 3.86 రావాలి, 3.83 వచ్చింది. ఏడాది ముందు టెస్టులో చూసింది ఈ రెండు అంకెల మధ్య తేడానే. అంత చిన్న తేడాని చూసి కవర్ ఊడటమే కారణం అనుకోవడంలో వింతేం లేదు.

బీటు

స్పాన్ నడిమిన మూడు గర్డర్లనీ కలిపేవి రెండే: స్లాబు, నడిమి క్రాస్ గర్డర్. స్లాబులో పైనుంచి చూస్తే నడిమి గర్డర్ మీదుగా తారులో పొడుగునా వెంట్రుకవాసి గీత కనిపించింది. కాబట్టి మరో రోజు తెల్లవారుజామున పరంజా మీద నేనూ మేస్త్రీ నడిమి క్రాస్ గర్డర్ దగ్గర కూర్చున్నాం. దాని మీద పాత సిమెంటు పూత, ఆ పైన పాత టెస్టు నాటి తెల్లసున్నం మందంగా ఉన్నాయి. ఏ గీతా కనపడలేదు.

లారీ నడిమి గీత మీద రావడం మొదలైంది. మేస్త్రీ టార్చి అడ్డంగా పట్టుకున్నాడు. వెనక చక్రాలు మా నెత్తి మీదికి వచ్చేసరికి, నడిమి గర్డర్ ముఖానికి పడమటి పక్క జానెడు దూరంలో, సున్నం పొడి సన్నగా రాలింది. టార్చి వెలుగులో ఆ పొడి ఒక నిలువు గీత నుంచే రాలడం చూశాం. "అయ్యా, ఇదిగో నోరు తెరిచింది" అన్నాడు మేస్త్రీ. గోరు పెట్టి చూశాను. లారీ దాటగానే అంచులు గోటిని మెల్లగా నొక్కాయి.

పూత చెక్కేశాం. అడుగు నుంచి స్లాబు దాకా ఒకటే బీటు. దానికి అడ్డంగా డయల్ గేజ్ పెడితే నడిమిన లారీకి అడుగున 0.6 మి.మీ. తెరుచుకుంటోంది. పడమరన లారీ ఉంటే అడుగు మూసుకుంటోంది. అదీ సబబే. నడిమిన బరువుకి క్రాస్ గర్డర్ కిందికి వంగుతుంది, అడుగు సాగుతుంది. పక్కన బరువుకి నడిమి గర్డర్ మీద ఎదురు వంపు వచ్చి సాగుడు పైకి పోతుంది. తారులో గీత పడింది అందుకే. నాలుగంగుళాల లోపలికి తవ్వితే అసలు కారణం దొరికింది. అడుగు కడ్డీలన్నిటికీ ఒకే చోట ల్యాప్ (ఒకదాని పక్కన ఒకటి పెట్టి వేసే అతుకు) ఇచ్చారు, ఆ చోట కడ్డీల చుట్టూ కట్టే స్టిరప్‌లు చాలినన్ని లేవు, కాంక్రీట్ అంతా హనీకోంబ్, అంటే తేనెపట్టులా బొక్కలు. కట్టిన రోజునే ఆ జాయింటు అరకొర. లారీలు బరువెక్కాక అది వదులై, కీలులా తయారైంది.

మధ్యకాలంలో ఏం చేశాం

రిపేరుకి అనుమతులు రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ దారి మూసేస్తే లారీలకి చుట్టూ చాలా దూరం. ఇసుక నింపిన డ్రమ్ములు రెండు పక్కలా పెట్టి, బండ్లన్నీ నడిమి గీత మీద ఒకదాని తర్వాత ఒకటే పోయేలా చేయమని రాశాం. అలా చేస్తే బీటు రోజుకి ఎన్నిసార్లో తెరుచుకుంటుంది, నిజమే. కానీ పడమటి గర్డర్ మీద 76 శాతం పడేది 23కి దిగుతుంది, నడిమి గర్డర్‌కి 46కి మించదు. స్పాన్‌ని నిలబెట్టేది గర్డర్లు. ఎలాగూ మార్చబోయే క్రాస్ గర్డర్‌ని అరగదీసి వాటిని కాపాడటమే సరైనదని అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. 40 టన్నుల లారీల్ని మాత్రం ఆపాల్సిందేనని గట్టిగా రాశాం. పోలీసు చెక్‌పోస్టు పెట్టారు.

గర్డర్ గట్టిపరిచే పాత ఎస్టిమేట్ పక్కకి పోయింది. దాని బదులు హనీకోంబ్ చెక్కేసి మైక్రో కాంక్రీట్ పోశారు, బీటులో ఎపాక్సీ ఎక్కించారు. నడిమి క్రాస్ గర్డర్‌కి రెండు పక్కలా, మూడు గర్డర్ల వెబ్‌లకి రంధ్రాలు వేసి, హైటెన్సైల్ కడ్డీలు ఈ చివర నుంచి ఆ చివరకి దూర్చి జాకీతో బిగించారు. రంధ్రం వేసే ముందు ప్రతిచోటా లోపలి కడ్డీ ఎక్కడుందో స్కానర్‌తో గుర్తు పెట్టించాం. ఒక్క మెయిన్ కడ్డీ తెగినా చేసిన మేలంతా పోతుంది. పడమటి గర్డర్‌కి తుప్పు గీకి, పాలిమర్ మోర్టార్‌తో కవర్ కట్టి, నీటి గొట్టాల్ని గర్డర్ అడుగు కంటే కిందికి పొడిగించారు.

మళ్లీ కొలిచినప్పుడు

అదే లారీ రకం, అవే గీతలు, అదే వేళ. లారీ తూర్పున: 3.43, 1.86, 0.29. శాతాల్లో 61.5, 33.3, 5.2. లారీ పడమరన: పడమర 3.46, నడిమి 1.85, తూర్పు 0.28. శాతాల్లో 62, 33, 5. వంపుల మొత్తం 5.58, 5.59. గర్డర్లకి కొత్తగా బలం వచ్చింది లేదు, పంపకం మాత్రం మారింది. అదే లారీకి పడమటి గర్డర్ మోసే బరువు దాదాపు 18 శాతం తగ్గింది. ఈ వాటాలతోనే ఐఆర్‌సీ ఎస్‌పీ 37 ప్రకారం రేటింగ్ (వంతెన ఎంత బరువు మోయగలదో చెప్పే లెక్క) వేసి ఇచ్చాం. పది టన్నుల బోర్డు తీసి, చట్టప్రకారం నడిచే బండ్లకి దారి తెరిచారు.

ఊరివాళ్లలో ఒక పెద్దాయన టెస్టు జరుగుతున్నన్ని రోజులూ గట్టు మీద కూర్చుని చూసేవాడు. రిపేరు అయ్యాక, "ఆ పక్క ఊగుడు పోయింది బాబూ" అన్నాడు. పోలేదు, తూర్పుతో సమానమైంది. ఆయనకి గేజుల రీడింగులు చూపించి అదే చెప్పాను.

గేజులు పెట్టిన చోట మూడు గర్డర్ల అడుగునా ఇత్తడి గుర్తులు బిగించి వచ్చాం. క్రాస్ గర్డర్ మీద బీటు ఉన్న చోట ప్లాస్టర్‌తో గాజు ముక్క అతికించాం. అది పగిలిందో లేదో చూడటానికి గేజ్ అక్కర్లేదు, వాగు దాటే లస్కర్ చాలు. తర్వాతి వానాకాలం వెళ్లాక లారీ కట్టించి పడమటి వరుస ఒక్కటే చూశాం: 3.49, 1.84, 0.27. గాజు ముక్క అలాగే ఉంది.